హద్దు దాటేలోగా ఏడు లుంగీలు

పదకొండేళ్ళ కిందట మలేషియాలో మా కోత బారూ విమానాశ్రయంలో మా అక్క సెపియా, టికెట్ల కౌంటరు ముందు నిలబడి, "మక్కాకు రెండు టికెట్లు" అని అడిగింది. ఒకటి తనకు, ఒకటి మా అమ్మకు. కౌంటరులో ఉన్న పిల్లకు నవ్వాగలేదు.

"మక్కాలో విమానాలు దిగవు, మెక్" అంది, మా వైపు ఆడవాళ్ళను పిలిచే మాటతో. "అక్కడ విమానాశ్రయమే లేదు."

"మరి లక్షలమంది ఎట్లా పోతున్నారు? ఈదుకుంటూనా?"

"జిద్దాలో దిగి బస్సెక్కుతారు. లేదంటే మదీనాలో దిగి."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా. కాగితం ఉందా?"

అక్క చదివింది ఆరో తరగతి. మా ఊరు బాచోక్‌లో చేపల బజారు వెనక ఆమెకో కుట్టు దుకాణం ఉంది. ఆ రోజు ఇంటికొచ్చి, బట్టలు కత్తిరించే ముందు గీతలు వేసుకునే గోధుమరంగు కాగితం బల్ల మీద పరిచింది. ఈ కొస కోత బారూ, ఆ కొస మక్కా. మధ్యలో ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ మారాలో, ఎక్కడ దిగాలో సుద్దతో గీసింది. గీసింది నచ్చకపోతే చెరిపి మళ్ళీ గీసింది. తెలియనిచోట ఫోను చేసి అడిగింది. విసుక్కున్నవాళ్ళకు మర్నాడు మళ్ళీ చేసింది. మూడు వారాలకు అమ్మను తీసుకువెళ్ళి, క్షేమంగా తీసుకువచ్చింది.

అప్పటినుంచి ఊళ్ళో ముసలివాళ్ళు ఉమ్రాకు, అంటే మక్కా యాత్రకు, పోవాలంటే పట్నంలో పెద్ద ఏజెంట్ల దగ్గరికి పోయేవారు కాదు. సెపియా దగ్గరికి వచ్చేవారు. ఏడాదికి ఒక్కసారే, పదిమందికి అటూ ఇటూ. అక్క ప్రయాణం వేసే పద్ధతి బట్ట కత్తిరించే పద్ధతే. ఒక విమానానికీ ఇంకో విమానానికీ నడుమ ఎప్పుడూ నాలుగు గంటల ఖాళీ వదిలేది. "కుట్టుకు గుడ్డ వదలనివాడు దర్జీ కాదు, దొంగ" అనేది. ఇంతకు మించి ఆమె మాట్లాడింది తక్కువ.

నేను ఆమె తమ్ముణ్ణి. పేరు కదీర్, అందరూ దిర్ అంటారు. కుట్టుమిషన్లు బాగుచేస్తాను. ఈ ఏడాది ప్రయాణంలో నేనూ ఉన్నాను. జరిగిన పొరపాటు నా చేతుల్లోనే జరిగింది కాబట్టి చెప్పాల్సిందీ నేనే.

మక్కా చుట్టూ, ఊరికి చాలా దూరంగా ఒక హద్దు ఉంది. ఉమ్రాకు పోయేవాడు ఆ హద్దు దాటకముందే ఇహ్రాంలోకి రావాలి. మగవాళ్ళయితే కుట్టులేని రెండు గుడ్డలు మాత్రమే ఒంటిమీద ఉంచుకోవాలి. ఆడవాళ్ళకు మామూలు బట్టలే. కానీ ఆడా మగా ప్రతి ఒక్కరూ ఆ హద్దు దగ్గర మనసులో సంకల్పం చేసుకోవాలి. నడిచిపోయేవాడికి ఆ హద్దు నేలమీద వస్తుంది, ఆగి నింపాదిగా స్నానం చేసి బట్ట మార్చుకుంటాడు. జిద్దాకు ఎగిరిపోయేవాడికి అది ఆకాశంలో వస్తుంది. విమానం ఆగదు.

అందుకని ఇహ్రాం గుడ్డలు పెద్ద పెట్టెల్లో పెట్టకూడదు, చేతిసంచిలో ఉంచుకోవాలి. అక్క ఈ మాట ప్రతిసారీ చెప్పేది, ప్రతిసారీ ఎవరో ఒకరు పెద్ద పెట్టెలోనే పెట్టేవారు. పోయిన ఏడు ఒకాయన అట్లా చేసి, హద్దు దాటినందుకు మక్కాలో మేకను కోయించాల్సి వచ్చింది. ఈసారి అక్క ఎవరినీ నమ్మలేదు. మందపాటి కాన్వాసుతో ఒక సంచి కుట్టి, ఏడుగురు మగవాళ్ళ గుడ్డలూ తనే తీసుకుని, మడిచి, పేర్లు కుట్టి, అందులో సర్దింది. సంచి మోసే పని నాకు అప్పగించింది.

"ఇది నీ తలకాయ అనుకో. కింద పెట్టకు."

"తలకాయైతే మరిచిపోతానేమో అక్కా, చెయ్యనుకోమంటావా?"

"నోరు కూడా అందులో పెట్టి జిప్పు వెయ్యి."

మేం మొత్తం పదకొండు మందిమి. అందరిలోకి పెద్దవాడు వెయిల్, మా వైపు పెద్దవాళ్ళను పిలిచినట్టు పొక్ వెయిల్. డెబ్భై ఎనిమిదేళ్ళు, నలభయ్యేళ్ళు పడవ నడిపినవాడు, ఇప్పుడు నాలుగడుగులు వేస్తే మోకాళ్ళు పట్టుకుంటాయి. పిల్లలకు ఉస్తాద్‌గా ఖురాన్ నేర్పే రోస్ది కూడా మాతోనే వచ్చాడు.

కౌలాలంపూర్ దాకా అంతా సుద్దగీత మీదే నడిచింది. మధ్యలో ఇంకో ఊళ్ళో దిగి విమానం మారాం. పొద్దున్నే ఆ రెండో విమానం ఎక్కే గుమ్మం దగ్గర, పొక్ వెయిల్‌ను చక్రాల కుర్చీలో తోసుకుంటూ అక్క అందరికన్నా ముందు లోపలికి పోయింది. నేను వరసలో చివర ఉన్నాను. గుమ్మం దగ్గర యూనిఫారం వేసుకున్న అమ్మాయి నా సంచిని చూసి, పక్కనున్న ఇనప చట్రంలో పెట్టమంది. పట్టలేదు. లోపల చోటు నిండిపోయిందనీ, ఇది కిందికి, సామాన్ల గదిలోకి పంపుతామనీ, జిద్దాలో తీసుకోవచ్చనీ నవ్వుతూ చెప్పింది. చేతులు జోడించినంత మర్యాదగా చెప్పింది. మా వైపు మనుషులకు అంత మర్యాదగా అడిగినవాళ్ళకు కాదని చెప్పడం రాదు. ఇచ్చేశాను. సంచికి చీటీ కట్టి, దాని ముక్క నా చేతిలో పెట్టింది.

విమానం లేచిన గంటకు అక్క నా సీటు దగ్గరికి వచ్చింది.

"సంచి దించు. తొందరపడకుండా ఒక్కొక్కరినీ పంపుదాం. పొక్ వెయిల్ ఒక్కడికే అరగంట పడుతుంది."

నేను చీటీ ముక్క చూపించాను. "కింద ఉంది. జిద్దాలో ఇస్తామన్నారు."

అక్క ఆ ముక్కను చాలాసేపు చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ముఖం మాత్రం మిషన్లో సూది విరిగినప్పుడు ఉండేట్టు అయింది.

"హద్దు ఎన్ని గంటలకు?" అని పక్కనే నిలబడ్డ ఎయిర్ హోస్టెస్‌ను అడిగింది.

"ఇంకో మూడు గంటల పదిహేను నిమిషాలకండీ. ముందుగా చెప్తాం."

"కింద గదిలోకి ఎవరైనా పోగలరా?"

"గాల్లో ఉండగా కుదరదండీ."

"దుప్పట్లు ఉన్నాయా?"

"ఈ విమానంలో ఇవ్వం, అమ్ముతాం. నాలుగే మిగిలాయి. చిన్నవి."

"నాలుగూ ఇవ్వు."

ఉస్తాద్ రోస్దిని పిలిచాం. ముప్ఫై ఎనిమిదేళ్ళవాడు, తొందరగా చెమటపడతాడు. విషయం వినగానే చెమటపట్టాడు.

"గుడ్డే దొరకనివాడు పైజామాతో ఉండిపోవచ్చు, అనుమతి ఉంది. కానీ గుడ్డ చేతిలో ఉండి వాడుకోకపోతే తప్పు. పైన కప్పుకోవడానికి ఏదైనా సరే, చొక్కా మాత్రం ఉండకూడదు. రంగు ఏదైనా ఫరవాలేదు. కుట్టు మాత్రం ఉండకూడదు."

"దాటిపోతే?"

"వెనక్కి హద్దు దాకా వెళ్ళి రావాలి. లేకపోతే మనిషికో మేక."

పక్క సీట్లోంచి పొక్ వెయిల్ అందుకున్నాడు. "నాకు మేకలొద్దు. నలభయ్యేళ్ళు ఆగాను. లొసుగుతో చేసే పనైతే ఇంట్లోనే కూర్చునేవాణ్ణి. నా తెల్లగుడ్డలు నాకు కావాలి."

"తెల్లవి కింద ఉన్నాయి, పొక్."

"ఎవరు పెట్టారు?"

నేను తల దించుకున్నాను.

"చూస్తే బుద్ధిమంతుడిలా ఉంటావు" అన్నాడు ముసలాయన.

అక్క అప్పటికే ఏడుగురి చేతిసంచులూ కళ్ళతోనే వెతుకుతోంది. "నమాజుకు లుంగీ అందరూ పైన పెట్టుకున్నారా?"

పెట్టుకున్నారు. మా వైపు మగవాడు ఎక్కడికి పోయినా గళ్ళ లుంగీ లేకుండా పోడు. ఏడు లుంగీలు బయటికి వచ్చాయి. ఏడూ గొట్టంలా కుట్టినవే. బజారులో లుంగీ విడి గుడ్డగా అమ్ముతారు. కొన్నవాడు నేరుగా అక్క దుకాణానికి పట్టుకొచ్చి రెండు కొసలూ కలిపి కుట్టించుకుంటాడు. అంటే ఆ ఏడు కుట్లూ ఆమెవే.

"కుట్టు విప్పితే ఇది విడి గుడ్డ. అంతేనా ఉస్తాద్?"

"అంతే."

"కత్తెర?"

విమానంలో ఎవరి దగ్గరుంటుంది? గోళ్ళు తీసుకునేది కూడా ముందే లాక్కున్నారు. అక్క మొదటి లుంగీ కుట్టు వేలితో తడిమి చూసింది. నాకు ఆమె బాధ తెలుసు. ఆ కుట్టు నాకూ తెలుసు, ఆ మిషన్ సరిచేసింది నేనే. అంగుళానికి పద్నాలుగు కుట్లు, ఒకదాని పక్కన ఒకటి రెండు వరసలు. అక్క కుట్టిన లుంగీ గుడ్డ చిరుగుతుంది గానీ కుట్టు ఊడదని మూడు గ్రామాల్లో పేరు. లుంగీ నిలువునా నాలుగడుగులు. ఏడు లుంగీలు, రెండేసి వరసలు.

"కొంచెం వదులుగా కుట్టి ఉంటే ఏం పోయేది, పియా!" అన్నాడు పొక్ వెయిల్.

"ఊడిపోతోందని పోయిన రంజానులో రెండోసారి తెచ్చి నా ప్రాణం తీసింది ఎవరు? మీ లుంగీకి మూడు వరసలు వేశాను."

"అవును, బాగా వేశావు."

అక్క మెడ దగ్గర చెయ్యి పెట్టి, తల గుడ్డకు పెట్టుకున్న పిన్నీసు తీసింది. "ఆడవాళ్ళంతా పిన్నీసులు తియ్యండి. గుండుసూదులు వద్దు, వంగిపోతాయి."

నలుగురు ఆడవాళ్ళలో ఇద్దరికి చూపు ఆనదు. మిగిలింది అక్క, మెక్ తిమా. మగవాళ్ళలో నేను. అక్క మాకు ఒక్కసారే చూపించింది. అడుగు దారం ఏదో చూడాలి. బాబిన్‌లోంచి వచ్చేది. జానెడు దూరానికి ఒకచోట పిన్నీసు మొనతో దాన్ని పైకి లేపి, పళ్ళతో తెంపాలి. తరవాత మధ్యలో ముక్క పట్టుకుని లాగితే దారం జారివస్తుంది, పై దారం దానంతటదే ఊడుతుంది. తొందరపడి లాగితే మధ్యలో తెగి మొదటికి వస్తుంది.

చెప్పినంత సులువుగా రాలేదు. మొదటి లుంగీకి నలభై నిమిషాలు పట్టింది. అక్క గడియారం చూసి లెక్కేసింది, ఇట్లాగే పోతే నాలుగు లుంగీల దగ్గర హద్దు వస్తుంది. మెక్ తిమా చేతిలోంచి లుంగీ తీసుకుని, దాన్ని ముందు సీటు వెనకనున్న బల్లకు బిగించి, కుట్టు తాడులా నిలిచేట్టు చేసింది. బిగువు మీద దారం కనపడింది. మా చేతులు దారిలో పడ్డాయి.

రెండోది ఇరవై అయిదు నిమిషాల్లో వచ్చింది. మూడోది ఇరవై. విప్పిన లుంగీ విప్పినట్టు ఉస్తాద్ చేతికి పోతోంది, ఆయన ఒక్కొక్కరినీ పాయిఖానా దగ్గరికి పంపుతున్నాడు. లోపలికి ప్యాంటూ చొక్కాతో పోయినవాడు, నడుముకు గళ్ళ గుడ్డ, భుజాల మీద చిన్న దుప్పటితో బయటికి వస్తున్నాడు. దుప్పట్లు నాలుగు అయిపోయాయి. తరవాతివాళ్ళకు మెక్ తిమా చేతిసంచిలోంచి ఇంకా కుట్టించని బాటిక్ అద్దకం గుడ్డలు తీసింది. ఎర్ర పూలవి, ఆకుపచ్చ తీగలవి.

"పెళ్ళికొడుకులా ఉన్నావురా!" అని ఎవరో అన్నారు. ఎవరూ పెద్దగా నవ్వలేదు.

అక్క పెదవి మీద పిన్నీసు గీరుకుని రక్తం వచ్చింది. తుడుచుకోలేదు, గుడ్డకు అంటకుండా తల పక్కకు తిప్పుకుంది. నా బొటనవేలి గోరు చీలింది. నా లుంగీ ఆరోది. విప్పి ఇస్తే నేనూ లోపలికిపోయి చుట్టుకొచ్చాను. వచ్చేసరికి అక్క ఏడోదాని మీద ఉంది. పొక్ వెయిల్‌ది. మూడు వరసలది.

అప్పుడు పైలట్ గొంతు వినిపించింది. వెనకగాలి బాగా ఉందట. అనుకున్నదానికన్నా పద్దెనిమిది నిమిషాలు ముందున్నామట. హద్దు ఇంకో పావుగంటలో.

అక్క గోధుమరంగు కాగితం మీద అన్ని విమానాలకూ ఖాళీ వదిలింది. ఈ పద్దెనిమిది నిమిషాలకు మాత్రం వదలలేదు.

"పొక్, మీరు లోపలికి పదండి. చొక్కా తీసేసి తలుపు సందులోంచి చెయ్యి పెట్టండి. అందిస్తాను."

"బట్టల్లేకుండా నిలబడమంటావా?"

"ఒంటరిగానే కదా. ఎవరు చూస్తారు?"

"దేవుడు చూడడూ?"

"ఆయనకు మీరు కొత్తేమీ కాదు. నడవండి."

నేనూ ఉస్తాదూ ఆయనను చెరో రెక్కా పట్టుకుని తీసుకుపోయాం. తలుపు వేసుకున్నాడు. అక్క పాయిఖానా బయటే నేల మీద చతికిలబడి, గుడ్డ కొసను కాలి బొటనవేలి కింద తొక్కిపట్టి లాగుతోంది. రెండు వరసలు వచ్చాయి. మూడోది మధ్యలో తెగింది. పిన్నీసు మొన వంగింది. మెక్ తిమా ఇంకోటి అందించింది. నేను అవతలి కొసనుంచి మొదలుపెట్టాను. మా ఇద్దరి మధ్యా జానెడు, తరవాత బెత్తెడు.

"హద్దు మీదికి వస్తున్నాం" అని పైలట్ చెప్పాడు. విమానం మొత్తం ఒక్కసారి గొంతెత్తింది. లబ్బైక్, నీ పిలుపుకు వచ్చాను, లబ్బైక్. ముందు వరసలనుంచి వెనక వరసలదాకా ఆ మాట అలలా వచ్చింది. నేనూ సంకల్పం చెప్పుకున్నాను, గొంతు కలిపాను, చేతులు మాత్రం దారం మీదే ఉంచాను. అక్క నోట్లో దారం ఉంది. ఆఖరి నాలుగు కుట్లు పళ్ళతో లాగేసింది. గుడ్డ విడిపోయి పరుచుకుంది. ఆమె లేచి, తలుపు సందులోంచి ఆ ముసలి చేతిలో పెట్టింది. లోపలినుంచి గొంతు వినపడింది, బొంగురుగా, ఏడుస్తున్నట్టు, లబ్బైక్.

తలుపు తెరుచుకుంది. నడుముకు నీలం గళ్ళ గుడ్డ, ఎముకలు తేలిన భుజాల మీద మెక్ తిమా పూల గుడ్డ. కింద ఎక్కడా కుట్టు లేదు.

"సరిగ్గా ఉందా?" అన్నాడు.

"సరిగ్గా ఉంది, పొక్" అని ఉస్తాద్ కళ్ళు తుడుచుకున్నాడు.

అందరూ సీట్లలో సర్దుకున్నాక ఉస్తాద్ వరసగా ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చాడు, సంకల్పం చెప్పుకున్నారా అని. అందరూ అవునన్నారు. ఆఖరికి అక్క దగ్గరికి వచ్చాడు. ఆమె వేళ్ళకు చుట్టుకున్న దారప్పోగులు విప్పి ఉండ చేస్తోంది.

"మీరు?"

ఆమె చెయ్యి ఆగింది.

"సెపియాగారూ, నోటితో అనకపోయినా ఫరవాలేదు" అన్నాడు ఉస్తాద్ మెల్లగా. "సంకల్పం మనసుది. ఆ నిమిషంలో మీ మనసులో ఉమ్రా ఉంది కదా? గుర్తు చేసుకోండి. మనసులో ఏముంది?"

ఆయన గొంతులో దారి చూపించడం ఉంది. అవునంటే అయిపోయేది. ఎవరూ కాదనేవారు కాదు.

"దారం" అంది అక్క.

ఉస్తాద్ పక్కనే ఖాళీ సీట్లో కూర్చుండిపోయాడు.

"ఇంతమందిని దాటించారు. దేవుడికి తెలియదా?" అంది మెక్ తిమా.

"ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. చెప్పుకోలేదు."

"ఒక మేక ఇచ్చేద్దాం. చాలామంది అదే చేస్తారు" అన్నాడు ఉస్తాద్. "లేకపోతే హద్దుకు తిరిగిపోవాలి. జిద్దానుంచి టాక్సీలో మూడు గంటలు, అక్కణ్ణుంచి మక్కాకు మళ్ళీ గంటన్నర. మీరు రాత్రంతా నిద్రపోలేదు."

"పోతాను."

"అంత అవసరమా?"

"కుట్టు తప్పిందని తెలిసి ఎవరికైనా బట్ట ఇచ్చానా ఎప్పుడైనా?"

జిద్దాలో సామాన్ల పట్టా మీద మా కాన్వాసు సంచి అందరి పెట్టెలకన్నా ముందు వచ్చింది. నేను తీసుకుని అక్క ముఖం చూడలేక పక్కకు చూశాను. అక్క సంచి తెరవనైనా తెరవలేదు. మిగతావాళ్ళను బస్సెక్కించి, పొక్ వెయిల్ కాళ్ళ కింద ఒక పెట్టె పెట్టి, మందులు మెక్ తిమాకు అప్పగించి, హోటలు చీటీ, కాన్వాసు సంచీ ఉస్తాద్ చేతికిచ్చింది. "మా కోసం ఆగొద్దు. చేరగానే మొదలుపెట్టండి. ముసలాయన అలిసిపోతాడు" అంది.

నేను ఆమెతో వెళ్ళాను. టాక్సీవాడు మక్కా పొలిమేర తగలకుండా చుట్టుదారిలో కొండల మీదికి తీసుకుపోయాడు. దారిలో ఒకచోట అక్క, "అమ్మతో వచ్చినప్పుడు నేను ముందు చెప్పుకుని అమ్మ చేత చెప్పించాను" అంది. అది నాతో అన్నట్టు లేదు.

హద్దు దగ్గర మసీదులో ఆడవాళ్ళ వైపు వెళ్ళి, స్నానం చేసి, రెండు రకాతుల నమాజు చేసి వచ్చింది. కారు ఎక్కకముందే నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, నాకు తెలిసినన్నేళ్ళలో ఎప్పుడూ ఎత్తనంత గొంతుతో లబ్బైక్ అంది. డ్రైవరు రేడియో కట్టేశాడు.

మక్కా చేరేసరికి పొద్దు గుంకుతోంది. హోటలు మెట్ల మీద తొమ్మిది మందీ కూర్చుని ఉన్నారు. ఎవరూ మొదలుపెట్టలేదు. తెల్ల గుడ్డల సంచి పక్కనే మూసి ఉంది. గళ్ళ గుడ్డలూ, చిన్న దుప్పట్లూ, పూల బాటిక్‌లూ అట్లాగే ఒంటి మీద ఉన్నాయి. పక్కనుంచి పోయేవాళ్ళు చూసి పోతున్నారు.

"ఆగొద్దని చెప్పానుగా!" అంది అక్క.

పొక్ వెయిల్ మోకాళ్ళు నొక్కుకుంటూ, ఆమె చెయ్యి ఆసరా అందుకుని లేవడానికి తంటాలు పడ్డాడు.

"నాలుగు గంటలనుంచి రాతిమెట్ల మీద కూర్చోబెట్టావు. పిర్రలు చచ్చుబడ్డాయి. ఇంకా మాటలేమిటే, పద."